వాసన చూడని ఆకు

పోయిన వారం గోపన్నను కల్లూరు షెడ్డు ముందర, నలుగురిలో ఒట్టు పెట్టుకుంటుండగా వదిలేశాం. చదివేవాళ్లకు మధ్యలో వారం గడిచింది, అతనికి గడిచింది ఒక్క రాత్రే. కలుపు తీసే ఆడవాళ్లకు వయ్యారిభామ మొక్క తగిలి మెడ మీద, ముంజేతుల మీద దురద లేస్తుంది. ఆ దురదకు గోపన్న కానుగ నూనెతో మందు కాస్తాడని, కోసిగి నుంచి కర్నూలు దాకా ఆ మందుకు పేరుందని, కోడుమూరులో భూములున్న ఇంటి ఆడపిల్ల తనూజ దాన్ని సీసాలకెత్తి అమ్మడానికి ఈ రేకుల షెడ్డు వేయించిందని మీకు గుర్తుండే ఉంటుంది. కొత్తగా కాచిన కాపులో మొదటి సీసా తీసుకున్న హనుమంతమ్మకు దురద తగ్గకపోగా ముఖమంతా ఉబ్బిపోయింది. నిన్న సాయంత్రం ఆమె తన గుంపు కూలీలను వెంటబెట్టుకొచ్చి షెడ్డు గేటు పట్టుకుని నిలదీసింది.

"నా నూనెలో తప్పుందని తేలితే ఈ పొయ్యి మళ్లా ముట్టియ్యను. నా చేతివాసి పోయిందని నేనే ఊరంతా తిరిగి చెప్పుకుంటా," అన్నాడు గోపన్న.

ఇప్పుడు తెల్లారింది. నిన్నటి ఆడవాళ్లందరూ ఈ పూట కూలి మానుకుని మరీ వచ్చారు. ఒక మనిషి గెలిచేది చూడడానికైతే ఎవరూ కూలి మానుకోరు. ఆ సంగతి గోపన్నకు బాగా తెలుసు. అయినా అతనికి భయం లేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, గేటు తీసి, ఎడమ చెయ్యి వాళ్ల ముందుకు చాపాడు.

"చూసుకోండి. నిన్న మీరు పోయినాక అదే కాపు నూనె మోచెయ్యి కాడ్నుంచి మణికట్టు దాకా పూసుకుని పండుకున్నా. యాడుండాది పొక్కు? యాడుండాది దద్దు? కండ్లుండేటోల్లు వచ్చి చూడండి!"

"కండ్లు తెరుచుకుంటే గదప్పా చూసేది," అంది హనుమంతమ్మ.

ఆమె రెప్పలు నిజంగానే మూసుకుపోయి ఉన్నాయి. తలకాయ వెనక్కి వంచి, సందులోంచి అతన్ని చూస్తోంది. పెదవి ఒకవైపు లావెక్కి మాట బరువుగా వస్తోంది గానీ నోటిలో పదును మాత్రం తగ్గలేదు. వెనక ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"నీది ఎనుము తోలు గోపన్నా. వయ్యారిభామలో పొర్లి లేచినా నీకేమీ కాదు. మాయట్ల దాని కాటు తిన్నోల్ల మీద రాసి చూపియ్యి. అప్పుడు ఒప్పుకుంటా."

ఆమె అన్నది నిజమే. ఆ మొక్క గుణమే అంత. కొందరు ఏళ్ల తరబడి చేతులతో పీకినా వాళ్ల జోలికి పోదు. ఒకసారి ఒకరిని పట్టిందా, ఇక గాలికి దాని పొడి వచ్చి పడినా చాలు, ఒళ్లు మండిపోతుంది. గోపన్న చేతి మీద ఏమీ లేవకపోవడం గోపన్న చేతికి మంచిది, అంతే. నూనెకు అది సాక్ష్యం కాదు. ఈ మాట అతను రాత్రి పూసుకునేటప్పుడే అనుకున్నాడు. అనుకుని పక్కకు నెట్టేశాడు.

తనూజ కారు తాళాలు వేళ్లకు చుట్టుకుంటూ మధ్యలోకి వచ్చింది. "ల్యాబుకు పంపిద్దాం గోపన్నా. రిపోర్టు వచ్చేదాకా ఎవరూ ఎవరినీ ఏమీ అనొద్దు."

"ల్యాబోల్ల కాయితం వచ్చేలోపల ఆయమ్మ మొగం దానంతట అదే తగ్గిపోతాది. అప్పుడు ఆ కాయితం యాడ అంటించాల తనూజమ్మా?"

ఈసారి ఆడవాళ్లు అతని పక్షాన నవ్వారు. గోపన్న ఛాతీ కొంచెం విరిచాడు. ఆరో తరగతి మధ్యలో పుస్తకాలు ఎత్తిపెట్టి ఎనుములు మేపడానికి పోయినవాడు అతను. చదువుకున్న పిల్ల తన మందును సీసాలకెత్తి అమ్ముతుంటే లోలోపల గర్వమే గానీ, ఆమె చెప్పిన ప్రతి మాటకూ ఎదురు చెప్పకుండా ఉండలేడు.

ఆ నవ్వు మధ్యలోనే హనుమంతమ్మ అంది.

"ల్యాబు యాటికమ్మా? ఈయప్ప మందు నేర్చింది ఎవురి కోసరం? యశోద లేదా లోపల?"

నవ్వు ఆగిపోయింది.

షెడ్డు లోపల నూనె వడకట్టే గుడ్డ ఉతుకుతున్న యశోద తలెత్తింది. గోపన్న భార్య ఆమె. కోసిగి చేలల్లో కలుపుకు పోయిన రోజుల్లో ఆ దురద ఆమెను పట్టింది. మెడ, చెవుల వెనక, మోచేతుల మడతలు ఎండిన నల్లరేగడిలా బీటలు వారాయి. గీరుకోకుండా ఉండాలని చేతులకు గుడ్డలు కట్టుకుని పడుకునేది. అందరూ అది అంటురోగమనుకుని ఆమెతో కలిసి బువ్వ తినడం మానేశారు. అప్పుడే గోపన్న మొండిగా కూర్చుని తన అవ్వ దగ్గర ఆ మందు నేర్చుకున్నాడు. యశోద మెడ నున్నబడ్డాకనే పక్క ఊళ్లవాళ్లు అతని గడప తొక్కింది.

"ఆమె జోలికి రావద్దు," అన్నాడు గోపన్న.

"యాటికి రాకూడదు?"

"రావద్దంటే రావద్దు. అంతే!"

హనుమంతమ్మ తలకాయ ఇంకొంచెం వెనక్కి వంచింది. "నీ పెండ్లానికి రాసేకి నీకే గుండె చాల్లేదు. మరి మా మొగాలకెట్ల రాసుకోమంటివప్పా?"

  తగువులో మాట దొరక్కపోవడం గోపన్నకు కొత్త. దొరకనప్పుడు అందరూ చేసే పనే అతనూ చేశాడు, గొంతు పెంచాడు.

"ఇన్నేండ్లు నా గడపలో నిలబడి రాయించుకుంటిరి గదా! అప్పుడు గోపన్న చెయ్యి దేవుని చెయ్యి. దద్దు తగ్గితే నా పేరు చెప్పి దండం పెడితిరి. ఈ పొద్దు ఒకరి మొగం వాస్తే అందరూ గేటు పట్టుకుంటిరి. ఆమె మొగానికి ఏం పూసుకున్నాదో, ఏ సబ్బుతో కడిగినాదో ఎవురన్నా అడిగినారా? నా నూనెనే అడుగుతారు!"

"నేను సబ్బు ముట్లే. నువ్వు చెప్పినట్ల శెనగపిండితోనే కడిగినా," అంది హనుమంతమ్మ నిదానంగా. "వంకాయ తిన్లే, చేప తిన్లే, పుంటికూర వాసన గూడా చూల్లే. నీ పథ్యం నా మొగుడు బతికినప్పుడు గూడా ఎవురి కోసరమూ చెయ్యలే. నీ మాట మీద చేసినా."

"తగువు చాలించండి."

యశోద వాకిట్లోకి వచ్చింది. తడి చేతులు చీరకు తుడుచుకుని, ఎడమ చేతి మీదికి కప్పుకున్న కొంగు తీసింది. "నేను నిన్న పొద్దు గూకినప్పుడే రాసుకున్నా."

మోచెయ్యి మడతలో, నూనె రాసినంత మేరా చర్మం ఎర్రగా లేచి ఉంది. అంచుల్లో సన్నటి నీటిపొక్కులు, చెమట చుక్కల్లాగా. పక్కనున్న చర్మానికి ఏమీ లేదు. గీత గీసినట్టు నూనె ఆగినచోటే ఎరుపు ఆగింది.

వెనకున్న ఆడవాళ్లు ముందుకు జరిగి చూశారు. రోడ్డు మీద షేర్ ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

గోపన్న ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నీకెవురు చెప్పినారు రాసుకోమని?"

"నీ మందని రాసుకున్నా. ఇంకొకరిదైతే రాసుకుందునా?"

"పొద్దున్నే చెప్పి ఉండొచ్చు గదా!"

"నీ చెయ్యి మీద గూడా లేస్తే నువ్వే చూసుకుంటావులే అనుకున్నా. లేకపాయె." ఆమె గొంతు తగ్గించింది. "ఎట్లన్నా నీ మాట నిలబడితే బాగుండునని ఇంతసేపు కప్పుకున్నా."

గోపన్న ఆమెను తొట్టి దగ్గరికి తీసుకుపోయి, చెంబుతో నీళ్లు పోసి, శెనగపిండి వేసి జిడ్డంతా పోయేదాకా కడిగాడు. రుద్దలేదు. తడిపిన గుడ్డ మడిచి మడత మీద వేశాడు.   లేచి ఆడవాళ్ల వైపు తిరిగాడు.

"తప్పుండాది," అన్నాడు. "నా మందు తప్పు చేయదు. ఈ కాపులో నా మందు కానిదేదో దూరింది. అదేందో మీ ఎదురుగ్గానే పట్టుకుంటా. ఎవురూ పోవద్దండి."

ఒట్టు పెట్టుకున్నవాడు ఓడిపోయాక ఇలా మాట్లాడితే వినేవాళ్లకు చికాకు పుట్టాలి. కానీ ఆడవాళ్లు ఒక్కరూ కదల్లేదు. ఆ గొంతులో నిబ్బరం అలాంటిది.

ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాడు. కానుగ గింజలు తన ఎదుట గానుగాడించినవే. వేపాకు షెడ్డు వెనక చెట్టుది. కుప్పింటాకు తన పెరటిది, దాన్ని పసిపిల్ల కూడా గుర్తుపడుతుంది. పసుపు కొమ్ములు దంచింది యశోద. పసరు ఇంకిందా లేదా అని వత్తి ముంచి వెలిగించి చూశాడు, చిటపట లేకుండా వెలిగింది. మిగిలింది మాచిపత్రి.

"మాచిపత్రి కాలువ గట్టు మీద మనం నాటిందే," అన్నాడు. "కోసింది నేను. ఇంకొకరి చెయ్యి పడలే."

"ఎప్పుడు కోసినావు?" అంది తనూజ.

"ఎప్పుడు కోయాల్నో అప్పుడే. ఆదివారం, పొద్దు పొడవకముందు."

గోపన్నకు మందు మీద ఎంత గర్వమో, మందు కోసే పద్ధతి మీద అంతకంటే ఎక్కువ గర్వం. అవ్వ నేర్పినట్టు చీకట్లోనే కోయాలి. కోసేటప్పుడు నోరు విప్పకూడదు. దేవుడికి పెట్టే పువ్వును ఎలా వాసన చూడమో, మందాకునూ అలాగే వాసన చూడకూడదు, చూస్తే సగం గుణం ముక్కులోనే పోతుంది. కోసిన ఆకును తడిగుడ్డలో చుట్టి, ఎండ తగలకముందే రుబ్బి నూనెలో వేసేయాలి. దురదకు ట్యూబులమ్మే దుకాణాలవాళ్లను అతను ఈ ఒక్క మాటతోనే తీసిపారేసేవాడు, "వాండ్లకు కట్టుబాటు యాడుండాది?" అని.

యశోద గుడ్డ పట్టుకుని అలాగే కూర్చుని ఉంది. "గోపన్నా," అంది. నలుగురిలో పేరు పెట్టి పిలవడం ఆమెకు అలవాటు లేదు. "ఆ ఆకు మీద ఎప్పుడన్నా వెలుతురు పడనిచ్చినావా?"

అతను లోపలికి పోయాడు. అదే కోతలో మిగిలితే మర్నాటి కాపుకని దూలానికి వేలాడదీసిన తడిగుడ్డ మూట విప్పి తెచ్చి, వాకిట్లో ఎండలో గోనెపట్టా పరిచి కుమ్మరించాడు. ఆడవాళ్లలో ఒకామె నాలుక కరుచుకుంది. మందాకును గోపన్న ఎండలో వేయడం వాళ్లెవరూ చూడలేదు.

అంతా ఒకటే ఆకు. ఈనెకు ఇరువైపులా చీలికలు చీలికలుగా, పచ్చగా. పైనుంచి చూస్తే తేడా లేదు. గోపన్న ఒక రెమ్మ తీసి తిరగేశాడు. అడుగున బూజు పట్టినట్టు తెల్లటి నూగు. మాచిపత్రి. ఇంకొకటి తిరగేశాడు. తెలుపు. ఇంకొకటి తిరగేశాడు.

రెండు వైపులా పచ్చదనమే.

ఆ ఆకును వేళ్ల మధ్య నలిపాడు.  తర్వాత, బుద్ధి తెలిసినప్పటి నుంచీ చేయని పని చేశాడు. ముక్కు దగ్గరికి తీసుకున్నాడు. మాచిపత్రి నలిపితే కర్పూరం దగ్గరున్నట్టు ఘాటుగా వస్తుంది. ఇందులో అది లేదు. పచ్చి కలుపు వాసన. పూత రాని లేత వయ్యారిభామ.

కోసిగిలో అవ్వ దొడ్డిలో మాచిపత్రి తప్ప ఇంకో మొక్క ఉండేది కాదు. ఆమె రోజూ నీళ్లు పోసి, కలుపు పీకి, కసువు ఊడ్చి ఉంచిన చోటు అది. అక్కడ కళ్లు మూసుకుని కోసినా మాచిపత్రే చేతికొచ్చేది. కేసీ కాలువ గట్టు అవ్వ దొడ్డి కాదు. వానలకు మాచిపత్రి మళ్ల మధ్య వయ్యారిభామ అదే ఎత్తున, అదే ఆకుతో లేచింది. చీకట్లో, మాట లేకుండా, వాసన చూడకుండా, నిష్ఠగా గోపన్న రెండిటినీ కలిపి కోశాడు. చేతికి దురద పుట్టి ఉంటే అప్పుడే తెలిసేది. అతనిది ఎనుము తోలు.

పచ్చటి ఆకులన్నీ ఏరి ఒక పక్కన పెట్టాడు. కుప్ప చిన్నదేమీ కాదు. లేచి నిలబడ్డాడు.

"వయ్యారిభామ," అన్నాడు. అందరికీ వినపడేలా అన్నాడు. "దురదకు మందని చెప్పి దురదనే కాచి పోసినా. ఎవురూ కలపలే. నేనే కోసినా, నేనే రుబ్బినా. తప్పు నాదే."

పొయ్యి దగ్గరికి నడిచి నీళ్ల బిందె ఎత్తాడు.

"ఆగప్పా సామీ!" హనుమంతమ్మ అరిచింది. "పొయ్యి ఆర్పితే నా మొగం దిగుతాదా? ఒట్టు తీర్చుకునేకి ఇంత తొందర! ముందు నా సంగతేందో చూడు. పొయ్యి సంగతి నా కండ్లు తెరుచుకున్నాక, నేను చూస్తాండగా ఆర్పుదువు."

గోపన్న బిందెను చంకకు దింపుకున్నాడు. ఆమె దగ్గరికి పోయి, ఒక చేత్తో గడ్డం పట్టుకుని ముఖం ఎండకు తిప్పి చూశాడు. రెప్పల్ని, పెదవిని, చెవి కిందా చూశాడు.

"ఇది నా చేతి పని కాదక్కా," అన్నాడు చివరికి. ఆ మాట అనడానికి అతనికి పళ్లు పీకినంత నొప్పి అయింది. "కంటి కాడికి వచ్చినాది. చర్మం డాక్టరు దగ్గరికి పోవాల, ఇప్పుడే. కారు తియ్యి తనూజమ్మా. యశోదను గూడా ఎక్కించుకో."

"సూదేస్తారా?" అంది హనుమంతమ్మ.

"వేస్తే వేయించుకో."

"నీ మందు మంచిదైనప్పుడు సూది లేకపాయె గదప్పా," అందామె. అందులో ఎత్తిపొడుపు ఎంతో, నమ్మకం ఎంతో గోపన్నకు అర్థం కాలేదు.

తనూజ కారు తలుపు తీసింది. "ఈ కాపు సీసాలు బయటికి పోలేదు గోపన్నా. నిన్ననే ఆపేశాను, అన్నీ లోపలే..." అంటూ ఆగిపోయింది. 

"ఏందమ్మా?"

"ఒక పెట్టె పోయింది. గొడవ కాకముందు. నువ్వు నిన్న పొద్దున కానుగ గింజలకు పోయినప్పుడు మీ అక్క వచ్చింది. హులిగెమ్మక్క. గుంటూరు దిక్కు మిరపకాయలు కోసేకి పోతున్నాం, మా తమ్ముడి మందు లేకుంటే ఎట్లా అని..."

గోపన్న బిందె కింద పెట్టాడు. కోసిగి నుంచి ఏటా ఆడవాళ్లను, మొగవాళ్లను, చంకలో పిల్లలతో సహా కట్టగట్టి మిరప చేలకు తోలుకుపోయే మేస్త్రీ హులిగెమ్మ. ఆమె గుంపులో సగం మందికి కలుపు దురద పాతదే. కాయ కోసి మండే చేతులకు, దురద లేచిన మెడలకు, ఆఖరికి ఎండకు పేలిన పసిపిల్లల ఒంటికి కూడా ఆమె రాసేది ఒకటే మందు.

ఫోను తీశాడు. మూడోసారికి ఎత్తింది. వెనక బండి చప్పుడు, ఆడవాళ్ల కబుర్లు.

"ఏమప్పా గోపన్నా! ఐచర్ బండిలో ఉండాం. నంద్యాల దాటి గిద్దలూరు పక్క పోతాండాం. బువ్వ తిన్యావా?"

"అక్కా, ఆ మందు పెట్టె..."

"నా కాళ్ల కాడనే ఉండాది. పిల్లోల్లను గూడా ముట్టనియ్యలే."

"దాన్ని పారబోయి. ఒక్కరికి గూడా రాయొద్దు. వయ్యారిభామ కలిసింది దాంట్లో."

బండి చప్పుడులో హులిగెమ్మ గొంతు పెంచింది. "ఎవురు కలిపినారు?"

"నేనేనక్కా. చీకట్లో చూసుకోలే. తప్పు నాదే."

హులిగెమ్మ పెద్దగా నవ్వింది. నవ్వు ఆగాక గొంతు మారింది. "నీ పక్కన ఎవురుండారు?"

"ఎవురూ లేరు. నా మాట ఇను. యశోద చెయ్యి చూసినా, పొక్కులు..."

"యశోదకు గాలి తగిలినా పొక్కులు లేస్తాయి. నిన్న షెడ్డు కాడ గలాటా అయిందని నాకు తెల్దనుకున్నావా? కోసిగి దాకా వచ్చింది మాట. ఆ హనుమంతి నీతో ఒట్టు పెట్టించిందంట గదా."

"ఒట్టు గిట్టు వదిలెయ్యక్కా! నా మీద నమ్మకముంటే పారబోయి."

"నమ్మకముండాది గనకనే చెప్తాండా. నా తమ్ముడు పుట్టిన కాడ్నుంచి 'తప్పు నాదే' అని ఒక్కనాడన్నా అన్లే. మా నాయన బెత్తం ఇరిగేదాకా కొట్టినా అన్లే. ఈ పొద్దు అంటాండాడంటే ఎవురో మెడ మీద కత్తి పెట్టి అనిపిస్తాండారు. నలుగురిలో నీ తల దించినారు గదా? ఉండు, నేను ఈడ ఎత్తుతా."

"అక్కా! అట్ల చెయ్యొద్దు. అక్కా, ఇను..."

ఆమె ఫోను చెవి దగ్గర నుంచి తీసేసింది. మాటలు దూరం నుంచి, గాలిలో కొట్టుకుంటూ వినిపించాయి. "అమ్మీ, ఆ పెట్టె ఇప్పండి. అందరూ చేతులు చాపండి, మెడలు గూడా. నా తమ్ముని మందు మీద నింద ఏసినోల్లు ఈడికొచ్చి చూడాల. ముందు నాకు పోయి. ఆ బిడ్డెను ఇట్ల ఇయ్యి, ఒళ్లంతా పేలిపోయింది పాపం."

"వద్దు!" గోపన్న ఫోనులోకి అరిచాడు. కారు దగ్గరున్నవాళ్లందరూ తిరిగి చూశారు.

సీసా మూత తిరిగిన చప్పుడు వినిపించింది. చల్లటి నూనె మెడకింద తగిలి పసిబిడ్డ కిలకిలా నవ్వింది. బండి నల్లమల ఘాట్ ఎక్కినట్టుంది, ఆ నవ్వు మధ్యలోనే లైను తెగిపోయింది.